పట్టాల్లో దాగిన వంద టన్నులు

'తెగేదాకా లాగొద్దు' అంటారు పెద్దలు. ఎక్కడిదాకా లాగితే తెగదో లెక్కగట్టి చెప్పేది ఇంజినీర్లు. జనగామ మీదుగా పోయే రైలు పట్టా నుంచి భూపాలపల్లి బొగ్గు గని కప్పు దాకా అన్నీ ఆ లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి.

టకటక్... టకటక్... టకటక్...

రైలు ప్రయాణమంటే ఒకప్పుడు ఇదే పాట. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు ఆ చప్పుడు లెక్కపెడుతూనే నిద్రలోకి జారుకునేవారు. ఇప్పుడు సికింద్రాబాద్‌లో రైలెక్కి, జనగామ దాటి, కాజీపేట మీదుగా మహబూబాబాద్‌లో దిగేదాకా చెవులు రిక్కించినా ఆ పాట పెద్దగా వినిపించదు. స్టేషన్ల దగ్గర పట్టాలు మారేచోట నాలుగు చప్పుళ్లు, అంతే!

అప్పట్లో పట్టా ముక్క పొడవు సుమారు 13 మీటర్లు. ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి ఖాళీ వదిలేవారు. ఎందుకు? 'వేసవిలో ఇనుము వ్యాకోచిస్తుంది కాబట్టి...' అని బడిలో మనమంతా రెండు మార్కుల జవాబు రాసినవాళ్లమే. మరి ఇప్పుడో? ముక్కలన్నిటినీ వెల్డింగు చేసి కిలోమీటర్ల కొద్దీ ఒకే పట్టాగా వేస్తున్నారు. ఖాళీ లేదు. ఎండలు మాత్రం తగ్గలేదు. మరి ఆ వ్యాకోచమంతా ఎక్కడికి పోతోంది?

ఎక్కడికీ పోదు. బలంగా మారి పట్టాలోనే దాక్కుంటుంది!

ఎండకో లెక్క... చలికో లెక్క

ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు మిల్లీమీటరులో నూరో వంతు కంటే కాస్త ఎక్కువ సాగుతుంది. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ కిలోమీటరు పట్టా 22 డిగ్రీలు వేడెక్కితే పాతిక సెంటీమీటర్లు పెరగాలి. అటూ ఇటూ బిగించేసి పెరగనివ్వకపోతే, ఆ పట్టాను ఎవరో రెండు చివర్లా పట్టుకుని లోపలికి నొక్కుతున్నట్టే లెక్క. ఎంత బలంతో? మీటరు 60 కిలోలు తూగే పట్టాలో ఒక్కో డిగ్రీకి దాదాపు 1.9 టన్నులు. రెండు పట్టాలకూ కలిపి 3.8 టన్నులు.

పట్టాకు 40 డిగ్రీల వేడి ఉన్నప్పుడు బిగించారనుకుందాం. మే నెల మధ్యాహ్నం గాలి 44 డిగ్రీలుంటే, నేరుగా ఎండ తగిలే పట్టా 60 దాటడం మామూలే. 62 అనుకుంటే తేడా 22 డిగ్రీలు. అంటే జంట పట్టాల్లో 84 టన్నుల నొక్కుడు! జనవరి తెల్లవారుజామున పట్టా 12 డిగ్రీలకు చల్లబడితే తేడా 28. అప్పుడు ముడుచుకోవాలని చూసే పట్టాలో 106 టన్నుల లాగుడు! పైన రైలు లేదు, చుట్టుపక్కల ఎవరూ లేరు. కంకర మీద మౌనంగా పడి ఉన్న పట్టాలో వంద టన్నులు... కంటికి మాత్రం ఏ తేడా కనిపించదు.

ఇంత బలానికి ఉక్కు ఏమైపోతుందో అని కంగారు పడకండి. దానికిది లెక్కే కాదు. 22 డిగ్రీల తేడాకు పట్టాలో చదరపు సెంటీమీటరుకు పడే బలం సుమారు 540 కిలోలు. ఆ ఉక్కు తెగాలంటే దాదాపు తొమ్మిది వేల కిలోలు కావాలి. అంటే పదహారో వంతు మాత్రమే. భయం ఉక్కు గురించి కాదు. ప్లాస్టిక్ స్కేలును రెండు అరచేతుల మధ్య నిలువుగా పెట్టి నొక్కండి. విరగదు, విల్లులా పక్కకు వంగుతుంది. పట్టా కూడా అంతే. దాన్ని పక్కకు పోకుండా ఆపేది కిందనున్న స్లీపర్లు, వాటి చుట్టూ కుక్కిన కంకర. కంకర పలచబడినచోట మండుటెండలో పట్టాలు పాములా మెలికలు తిరిగేది అందుకే.

హుక్ గారి పొడుపుకథ

ఇంటర్లో ఫిజిక్సు చదివినవాళ్లకు 'స్థితిస్థాపకత' అనే నోరు తిరగని పాఠం గుర్తుండే ఉంటుంది. పేరు చూసి భయపడ్డాం గానీ విషయం చిన్నదే. ఏ వస్తువైనా బరువు పడితే కొంచెం సాగుతుంది, లేదా నలుగుతుంది. బరువు తీసేస్తే మళ్లీ మామూలుగా అవుతుంది. వంతెన మీదుగా లారీ వెళ్లినప్పుడు వంతెన వెంట్రుకవాసి కిందికి దిగి పైకి లేస్తుంది. మీరు ఇది చదువుతూ కూర్చున్న కుర్చీ కూడా అంతే. చదరపు సెంటీమీటరుకు ఎంత బలం పడుతోందో అది ప్రతిబలం... స్ట్రెస్. దానివల్ల పొడవులో ఎన్నో వంతు మార్పు వచ్చిందో అది వికృతి... స్ట్రెయిన్. ఒక హద్దు దాకా రెండూ జోడెద్దుల్లా కలిసే నడుస్తాయి. బలం రెట్టింపైతే సాగుడూ రెట్టింపు. హద్దు దాటితే ఆ వస్తువు వెనక్కి రాదు.

దీన్ని కనిపెట్టిన రాబర్ట్ హుక్ మహా జాగ్రత్తపరుడు. ఎవరైనా కొట్టేస్తారేమోనని 1676లో తన సూత్రంలోని లాటిన్ అక్షరాలను కలగాపులగం చేసి పొడుపుకథలా అచ్చు వేయించాడు. రెండేళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. 1678లో ఆయనే గుట్టు విప్పాడు.

రైల్వే వాళ్లు చేసే 'డీస్ట్రెసింగ్' ఈ సూత్రానికి అచ్చమైన ప్రయోగం. (సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు వారాంతంలో చేసుకునేది వేరు!) పట్టాను పట్టి ఉంచే క్లిప్పులు ఊడదీస్తారు. పట్టాను రోలర్ల మీదికి ఎత్తి చెక్క సుత్తులతో తడతారు. లోపల బిగబట్టుకున్న బలమంతా వదిలేసి అది తన సహజమైన పొడవుకు వచ్చేస్తుంది. అప్పుడు వేడి కొలిచి, తక్కువైతే యంత్రంతో కావలసినంత సాగదీసి మళ్లీ బిగిస్తారు. ఏడాదిలో వచ్చే ఎండా చలీ రెండింటికీ సరిపడేలా చూసుకోవడమే ఇందులో కిటుకు. ఆ క్లిప్పు కూడా తక్కువదేం కాదు. కిలో కూడా ఉండదు గానీ స్ప్రింగులా వంగి పట్టా అంచును 850 నుంచి 1,100 కిలోల బలంతో నొక్కిపెడుతుంది. వేసవి మధ్యాహ్నాల్లో ప్రత్యేకంగా గస్తీ తిరిగేవాళ్లూ, రోజూ సుత్తి, స్పానరు పట్టుకుని పట్టాల వెంట నడిచే కీమ్యానూ చూసేది వీటినే... క్లిప్పు ఊడిందా, కంకర జారిందా, పట్టా వంకర పోయిందా అని.

చలికాలంలో భయం వేరు. అప్పుడు పట్టాలో ఉండేది లాగుడు. లాగుడుకు చిన్న గాటు దొరికితే చాలు. షాంపూ ప్యాకెట్‌ను మామూలుగా లాగితే చిరగదు, అంచున గాటు ఉంటే చిటికెలో చిరుగుతుంది కదా! బలమంతా ఆ గాటు మొన దగ్గర పోగవుతుంది. పలకకు గుండ్రటి చిల్లు ఉంటే దాని అంచున ప్రతిబలం మూడు రెట్లవుతుందని 1898లోనే లెక్క తేలింది. పదునైన పగులైతే ఇంకా ఎక్కువ. కంటికి కనిపించని అలాంటి పగుళ్ల కోసమే పట్టాలకు అల్ట్రాసోనిక్ పరీక్షలు చేస్తారు, ఆస్పత్రిలో మనకు స్కానింగు చేసినట్టు.

రాయికి నచ్చనిది

స్లీపర్ల దగ్గరికొద్దాం. కాంక్రీటు, రాయి ఒకే జాతి. ఎంత నొక్కినా ఓర్చుకుంటాయి. లాగితే మాత్రం ఓర్చుకోలేవు. నొక్కుడును తట్టుకునే శక్తిలో సుమారు పదో వంతే లాగుడును తట్టుకోగలవు. రెండు స్తంభాల మీద రాతి దూలం పెట్టారనుకోండి. బరువుకు అది కొంచెం వంగుతుంది. పైభాగం నలుగుతుంది, కిందిభాగం సాగుతుంది. పగులెప్పుడూ కింది నుంచే మొదలవుతుంది. పైగా దూలం నిడివి రెట్టింపైతే, మీటరుకు అంతే బరువున్నా వంచే ప్రభావం నాలుగు రెట్లవుతుంది.

కాకతీయుల గుళ్లలో స్తంభాలు అంత దగ్గరదగ్గరగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందా? అందం కోసమే కాదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడినే చూడండి. పాలంపేటలోని ఈ గుడి ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది, 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోదే. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడమైంది. నల్లరాతి దూలాల మీద భారం తగ్గించాలని శిఖరాన్ని నీళ్లలో తేలేంత తేలికపాటి ఇటుకలతో కట్టారు. ప్రతిబలమన్న మాట ఆ శిల్పులకు తెలియకపోవచ్చు. విషయం మాత్రం తెలిసే ఉంటుంది!

ఈనాటి స్లీపరు తయారీలో వాళ్లకు లేని ఉపాయం ఒకటుంది. ముందు ఉక్కు తీగల్ని బలంగా సాగదీసి పట్టుకుంటారు. వాటి చుట్టూ కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడ్డాక తీగల్ని వదిలేస్తారు. రబ్బరు బ్యాండులా వెనక్కి ముడుచుకోవాలనుకునే తీగలు కాంక్రీటును ఎప్పటికీ నొక్కుతూనే ఉంటాయి. రైలు వచ్చి వంచబోయినా ముందు ఈ నొక్కుడు తగ్గాలి, ఆ తర్వాతే లాగుడు మొదలవ్వాలి. కిలోమీటరుకు వేసే స్లీపర్లు సాధారణంగా 1,660. అన్నిట్లోనూ ఇదే కథ.

ఈ బలాల్ని కళ్లతో చూడాలనుందా? కంప్యూటర్ తెర మీద తెల్లటి పేజీ తెరిచి, ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పట్టుకోండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని చూడండి. ఇంద్రధనుస్సు రంగులు చారలుగా కనిపిస్తాయి. స్కేలును వంచితే చారలూ కదులుతాయి. చారలు ఒత్తుగా ఉన్నచోట ప్రతిబలం వేగంగా మారుతున్నట్టు. కంప్యూటర్లు రాకముందు వంతెనలు, యంత్రాల నమూనాల్ని ప్లాస్టిక్‌తో చేసి ఇలాగే పరీక్షించేవారు. ఇప్పుడు వస్తువును కంప్యూటర్లో వేల ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కలో బలమెంతో లెక్కగడుతున్నారు. ఇంజినీరింగు కాలేజీ పిల్లల ప్రాజెక్టుల్లో సగం అవే!

కింద నేల లేకపోతే...

అన్ని లెక్కల్లోనూ ఒక నమ్మకం ఉంటుంది. కింద ఆధారం ఉన్నచోటే ఉంటుందని. అది తప్పితే ఏమవుతుందో మహబూబాబాద్ జిల్లా కళ్లారా చూసింది. 2024 సెప్టెంబరు 1న, కుండపోత వానలకు ఇంటికన్నె - కేసముద్రం మధ్య వరద కట్టను కోసేసింది. కంకర, మట్టి కొట్టుకుపోయాయి. పట్టాలు తెగలేదు. స్లీపర్లతో సహా తాళ్ల నిచ్చెనలా గాల్లో వేలాడాయి. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. ఉక్కు తన హద్దులోనే ఉంది, లేనిది నేల. ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే మధ్యలో పడే అదే బరువుకు దూలం ఎనిమిది రెట్లు వంగుతుంది. అలాంటిది అరవై సెంటీమీటర్లకో స్లీపరు ఉండాల్సిన పట్టా కింద మీటర్ల కొద్దీ శూన్యం! దాని మీదికి రైలు వస్తే...? లోపాన్ని ముందే గుర్తించి రైళ్లను ఆపేశారు.

భూపాలపల్లి జిల్లా మేడిగడ్డలోనూ కిందే తేడా వచ్చింది. 2023 అక్టోబరు 21న బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. పునాది కింద ఇసుక కదిలిపోవడాన్ని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు ప్రస్తావించారు. డిజైన్, నాణ్యత, నిర్వహణ లోపాలనూ ఎత్తిచూపారు. రాజకీయ వాదోపవాదాలు మనకిక్కడ అక్కర్లేదు. చిత్రమేమిటంటే రామప్ప గుడి నిలబడిందీ ఇసుక నింపిన పునాది మీదే! చుట్టూ గట్టిగా బిగించి కదలనివ్వకపోతే ఇసుక ఎంత బరువైనా మోస్తుంది. జారడానికి దారి దొరికితే కాంక్రీటు ఎంత మందంగా పోసినా లాభం లేదు.

భూపాలపల్లి సింగరేణి గనుల్లో సంగతి దీనికి తలకిందులు. అక్కడ బరువు నెత్తిన ఉంటుంది. వంద మీటర్ల లోతుకు దిగితే చదరపు సెంటీమీటరుకు పాతిక కిలోల బరువు. బొగ్గు తవ్వి ఖాళీ చేసిన మేరా ఆ భారం పక్కనున్న బొగ్గు స్తంభాల మీదికి మళ్లుతుంది. అందుకే స్తంభం ఎంత లావు వదలాలి, దారి ఎంత వెడల్పు తవ్వాలి అన్నది ముందే లెక్కగడతారు. కప్పులోని రాతి పొరలు విడిపోకుండా రంధ్రాలు వేసి ఉక్కు బోల్టులు దింపుతారు. విడివిడి కాగితాల్ని పిన్నుతో కుట్టినట్టు పొరలన్నీ ఒకే మందపాటి దూలంలా పనిచేస్తాయి.

కప్పు ఏపాటి దిగుతోందో కొలిచే పరికరాలు ఇప్పుడు గనుల్లోకి వచ్చాయి. అయినా పాత పద్ధతి పోలేదు. పని మొదలుపెట్టే ముందు ఇనుప కడ్డీతో కప్పును తట్టి వింటారు. ఖంగుమంటే రాయి పట్టుగా ఉన్నట్టు. బోలుగా, కుండ మీద కొట్టినట్టు మోగితే లోపల పొర విడిందన్నమాట. అప్పుడు మనుషులంతా వెనక్కి వచ్చేస్తారు. విడిన రాతిని దూరం నుంచి కడ్డీతో పొడిచి రాలగొట్టి, మిగతా కప్పుకు ఆధారం కట్టాకే మళ్లీ ముందుకు కదులుతారు.