కంటికానని వెలుగు, కెమెరా ఫిల్టరు

మానవనేత్రము సుమారు 700 నానోమీటర్లకు మించిన తరంగదైర్ఘ్యముగల కాంతిని గాంచజాలదు. 1910లో రాబర్ట్ వుడ్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఆ పరారుణకాంతితో తీసి ప్రకటించిన చిత్రములలో చెట్ల ఆకులు మంచువలె తెల్లనై, ఆకాశము నల్లనై కనుపట్టినవి. అట్టి చిత్రములు తీయగోరువారు, కంటికి కనబడు వెలుగును చాలవరకు అడ్డగించి పరారుణమును విడుచు ఫిల్టరు కొనుటకు ముందు తమ కెమెరాను పరీక్షించుకొనవలెను; ఏలయన డిజిటల్ కెమెరాలలో సాధారణముగా సెన్సరు ముందు పరారుణమును అడ్డగించు గాజుపలక యొకటి యుండును. టీవీ రిమోటు మీట నొక్కుచు దాని మొనను ఫొటో తీసినప్పుడు వెలుగు కనబడెనేని, కొంత పరారుణము లోనికి జొచ్చుచున్నదని గ్రహింపవచ్చును.

720 నానోమీటర్ల ఫిల్టరు రవంత ఎరుపునుగూడ విడుచును గనుక వర్ణచ్ఛాయలు మిగులును. 850 నానోమీటర్లది నలుపుతెలుపులకే తగును. తొలిసారి కొనువారికి మొదటిదే మేలని నా యభిప్రాయము. దాని గుండ చూచిన దాదాపు చీకటియే. కావున స్టాండుపై కెమెరా నిలిపి, దృశ్యమును ముందే కుదుర్చుకొని, పిమ్మట ఫిల్టరు బిగింపవలెను.