పేదవాని కంచములో దాగిన వ్యాధి

వ్యాధికి కారణము సూక్ష్మజీవియే యని మనము సాధారణముగా తలంతుము. కాని కొన్ని వ్యాధుల మూలము మనుష్యుని కూలిలోను, వంటయింటిలోను, ఊరి పొలములోను ఉండును. ఈ సత్యమును ఋజువు చేసినవారిలో డాక్టరు జోసెఫ్ గోల్డుబెర్గరు ముఖ్యుడు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో పెల్లాగ్రా యను వ్యాధి ప్రబలెను. ఎండ తగిలిన చోట్ల చర్మము కమిలి పొలుసులు గట్టును, విరేచనములు పట్టును, మతి చలించును, తుదకు ప్రాణమే పోవును. ఇది అంటువ్యాధి యని వైద్యులు పలువురు నమ్మిరి. 1914లో ప్రభుత్వము దీనిని పరిశోధించుటకు గోల్డుబెర్గరును పంపెను.

అతడు అనాథ శరణాలయములను, ఉన్మాద చికిత్సాలయములను దర్శించి ఒక వింతను గమనించెను. అచటి నివాసులకు వ్యాధి వచ్చుచుండెను. వారితో నిత్యము మెలగు సేవకులకు వచ్చుట లేదు. అంటువ్యాధియే యైనచో ఈ భేద మెట్లు కలుగును? నివాసుల భోజనములో మొక్కజొన్నయే ప్రధానము. పాలు, గ్రుడ్లు, మాంసము అరుదు. శరణాలయపు బాలబాలికలకు ఇవి పెట్టించగా వ్యాధి దాదాపు అంతరించెను.

1915లో మిసిసిపీ రాష్ట్రమున పదునొకండుగురు ఖైదీలు, విడుదల చేయుదుమను వాగ్దానముపై, అట్టి పేద భోజనమును తినుటకు సమ్మతించిరి. కొన్ని నెలలలో ఆరుగురికి పెల్లాగ్రా కనబడెను. అయినను విమర్శకులు నమ్మలేదు. అంతట 1916లో గోల్డుబెర్గరు రోగుల రక్తమును తన శరీరమున ఎక్కించుకొనెను. వారి చర్మపు పొలుసులను మ్రింగెను. అతని భార్యయు రక్తము నెక్కించుకొనెను. ఎవ్వరికిని వ్యాధి రాలేదు.

మంచి ఆహారము తినుడని బోధించిన చాలునా? కొనలేనివానికి ఆ బోధ యేమి మేలు చేయును? 1916 మొదలు అతడు ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అను ఆర్థికశాస్త్రజ్ఞునితో గూడి, దక్షిణ కరొలైనాలోని ఏడు నూలుమిల్లు గ్రామములలో ఇంటింటి ఆదాయమును, ఆహారమును లెక్కించెను. ఆదాయము తగ్గినకొలది వ్యాధి హెచ్చుగా నుండెను. పాలు, కూరగాయలు దగ్గరలో దొరకిన గ్రామమున వ్యాధి తక్కువ. చుట్టును ప్రత్తియే పండించిన గ్రామమున ఎక్కువ. 1921లో ప్రత్తి ధర పడిపోయినపుడు పెల్లాగ్రా పెరుగునని అతడు హెచ్చరింపగా, తమ ప్రాంతమునకు అవమానమని నాయకులు పలువురు కోపించిరి. మాట దాచినంత మాత్రమున వ్యాధి దాగునా?

ఈస్టు చౌకైన మందని అతడు కనుగొనెను. 1927లో మిసిసిపీ నదికి వరద వచ్చినపుడు బాధితులకు దానిని పంచిరి. అతడు 1929లో మరణించెను. లోపించిన పోషకము నయాసిన్ అని 1937 తరువాత తేటపడెను. 1940 తరువాతి సంవత్సరములలో పిండిలో దానిని కలుపు పద్ధతి వ్యాపించెను. జనుల ఆదాయమును మెరుగుపడెను. క్రమముగా పెల్లాగ్రా ఆ దేశమున అరుదయ్యెను.

ఈ కథ మనకు పరాయిది కాదు. జొన్న ప్రధానాహారముగా గల దక్కను పీఠభూమి పేదలలోను ఈ వ్యాధి కనబడెను. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు దీనిపై పరిశోధనలు చేసి 1960లో ప్రకటించిరి.

బాలబాలికలారా! రోగి నాడిని చూచుటతో వైద్యము ముగియదు. అతని కంచములో ఏమున్నదో, అది ఏల అంతియే యున్నదో విచారించుటయు వైద్యములో భాగమే. ఆ విచారణ ఫలితమును చట్టముగను, కూలిగను, ఆహారముగను మార్చుట సంఘము యొక్క బాధ్యత.