వినడానికయ్యే ఖర్చు: బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ పరికరాలలో నిద్రానియమాలు

కీలకపదాలు: వైర్‌లెస్ సెన్సర్లు, ప్రోటోకాల్, బ్యాటరీ, శ్రవణవ్యయం, నిద్రావ్యవధి.

1. ప్రవేశిక

2002లో అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరానికి ఆవల ఉన్న గ్రేట్ డక్ ద్వీపంలో పరిశోధకులు 32 చిన్న వైర్‌లెస్ పరికరాలను అమర్చారు. లీచ్స్ స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షులు గూళ్లుగా చేసుకొనే బొరియలలోని, వాటి పరిసరాలలోని వాతావరణ స్థితులను నమోదు చేయడం వాటి పని. మనుషుల రాకపోకలు ఆ పక్షులను కలవరపెడతాయి కనుకనే పరికరాల అవసరం ఏర్పడింది. బ్యాటరీలు మార్చడానికి మాటిమాటికీ మనుషులే వెళ్లవలసివస్తే ఆ ప్రయోజనం దెబ్బతింటుంది. అందువల్ల అవి తొమ్మిది నెలలపాటు పనిచేయాలన్నది పరిశోధకుల లక్ష్యం. ఇటువంటి పరికరాలలో విద్యుత్తు ఎక్కడ వృథా అవుతుందో, ప్రోటోకాళ్లు దానిని ఎలా తగ్గిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. శ్రవణవ్యయం

సందేశం పంపేటప్పుడే విద్యుత్తు ఎక్కువగా ఖర్చవుతుందని సాధారణంగా భావిస్తాం. తరువాతి కాలంలో ఇటువంటి పరికరాలలో విస్తృతంగా వాడిన సీసీ2420 రేడియో చిప్ పూర్తి శక్తితో పంపేటప్పుడు 17.4 మిల్లీయాంపియర్లు, వినేటప్పుడు 18.8 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది. సందేశమేదీ రాకపోయినా రేడియోను తెరిచి ఉంచినంతసేపూ ఈ ఖర్చు తప్పదు. ఈ లెక్కన 2500 మిల్లీయాంపియర్-గంటల బ్యాటరీ సుమారు 133 గంటలలో, అంటే ఐదున్నర రోజులలో అయిపోతుంది. రేడియో నూటికి ఒక వంతు సమయమే మేల్కొని ఉంటే, ఇతర ఖర్చులను పక్కన పెట్టి చూసినప్పుడు, అదే బ్యాటరీ ఏడాదిన్నర వస్తుంది.

3. నిద్రానియమాలు

అయితే నిద్రలో ఉన్న పరికరానికి సందేశం చేరదు. కనుక ఎవరు ఎప్పుడు మేల్కొనాలో నిర్ణయించే నియమాలు కావాలి. 2002లో వెయ్ యే, జాన్ హైడెమన్, డెబొరా ఎస్ట్రిన్ ప్రతిపాదించిన ఎస్-మ్యాక్‌లో ఇరుగుపొరుగు పరికరాలు వీలైనంతవరకు ఒకే వేళకు నిద్రించి, ఒకే వేళకు మేల్కొంటాయి. ఇందుకోసం అవి తమ వేళలను తరచు సరిచూసుకోవాలి. గ్రేట్ డక్ ద్వీప బృందంలోని జోసెఫ్ పొలాస్త్రె, డేవిడ్ కల్లర్‌లు జేసన్ హిల్‌తో కలిసి 2004లో ప్రతిపాదించిన బీ-మ్యాక్‌కు ఈ ఒప్పందం అక్కరలేదు. ప్రతి పరికరమూ నిర్ణీత వ్యవధికొకసారి క్షణకాలం మేల్కొని వింటుంది. పంపే పరికరం ఆ వ్యవధికి తగ్గని నిడివితో ముందస్తు సంకేతమిచ్చి, ఆపై సందేశాన్ని పంపుతుంది. దీనివల్ల ఖర్చులో అధికభాగం వినేవారి నుండి పంపేవారికి మారుతుంది. ఆ సందేశంతో సంబంధం లేని పొరుగు పరికరాలు కూడా సంకేతం విని మేల్కొని ఉండిపోవడం ఇందులోని లోపం.

4. ముగింపు

నిద్ర పెరిగితే బ్యాటరీ ఆయుర్దాయం పెరుగుతుంది. దానితోపాటు సందేశం చేరడంలో జాప్యమూ పెరుగుతుంది. గూటి ఉష్ణోగ్రత ఒక నిమిషం ఆలస్యంగా తెలిసినా నష్టం లేదు. అగ్నిప్రమాద హెచ్చరికకు ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి ఏ సమాచారం ఎంతసేపు ఆగగలదో తేల్చుకొన్న తరువాతనే నిద్రావ్యవధిని నిర్ణయించడం సమంజసం.