పుండు మీదనే మందు వదిలే నానో పోగులు

మధుమేహ రోగి పాదానికి పుండు పడితే అది ఒక పట్టాన మానదు. రక్తప్రసరణ మందగించిన ఆ చోటికి మింగిన యాంటీబయాటిక్ చాలినంతగా చేరదు. మోతాదు పెంచితే కాలేయం, మూత్రపిండాలపై భారం పడుతుంది. చివరకు వేలు, ఒక్కొక్కప్పుడు పాదమే తొలగించవలసి వస్తుంది. దేశంలో మధుమేహ రోగులు 10.1 కోట్ల మంది ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించింది. కనుక ఇది ఏ కొద్దిమందికో పరిమితమైన బాధ కాదు.

మందులకు లొంగని సూక్ష్మజీవుల బెడద దీనికి తోడయింది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు ఇవే ప్రత్యక్ష కారణమని 2022లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా కట్టింది. మందును దేహమంతటా తిప్పకుండా పుండు మీదనే, కావలసినన్ని రోజులు, కొద్దికొద్దిగా విడుదల చేయగలిగితే ఈ రెండు చిక్కుల నుంచీ కొంత ఊరట లభిస్తుంది. శాస్త్రజ్ఞులు నానో పోగులపై ఆశ పెట్టుకున్నది ఇందుకే.

విద్యుత్తుతో వడికే నూలు

ఈ పోగులను ఎలక్ట్రో స్పిన్నింగ్ అనే పద్ధతిలో తయారు చేస్తారు. పాలిమర్‌ను, మందును కలిపిన ద్రావణాన్ని సిరంజిలో నింపి, సూదికి సుమారు 10 వేల నుంచి 30 వేల వోల్టుల విద్యుత్తు ఇస్తారు. సూది కొసన నిలిచిన బొట్టు ఆ బలానికి సాగి సన్నని ధారగా దూసుకుపోతుంది. దారిలోనే ద్రావకం ఆవిరై, ఎదుటనున్న లోహపు పలకపై పోగులు పొరలుగా పరుచుకుంటాయి. మనిషి వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు కాగా, ఈ పోగుల మందం కొన్ని వందల నానోమీటర్లే.

ఈ పద్ధతి పూర్తిగా కొత్తది కాదు. ఆంటన్ ఫార్మ్‌హాల్స్ 1934లోనే దీనికి అమెరికాలో పేటెంట్ పొందారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన సీరం రామకృష్ణ ఈ రంగంలో పేరెన్నికగన్న పరిశోధకులు కావడం విశేషం.

కరిగిపోవడమే కీలకం

చిగుళ్ల వ్యాధికి టెట్రాసైక్లిన్ నింపిన దారమొకటి 1994లో అమెరికాలో అనుమతి పొందింది. అయితే అది దేహంలో కరగదు. పది రోజుల తరువాత వైద్యుడే దానిని తీసివేయవలసి వచ్చేది. దేహంలో కరిగే పోగులతో ఆ అవసరం ఉండదు. శస్త్రచికిత్స కుట్లకు 1970ల నుంచి వాడుతున్న లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల పాలిమర్లే వీటికి ముడిసరుకు. తేమ తగిలి ఇవి మళ్లీ ఆ ఆమ్లాలుగా విడిపోతాయి. దేహం వాటిని క్రమంగా వదిలించుకుంటుంది. కట్టు ఊడదీసేటప్పుడు కొత్త చర్మం చిట్లే బాధ తప్పుతుంది.

రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్ మరో ముడిసరుకు. దీనికి సూక్ష్మజీవులను అరికట్టే గుణం స్వతహాగానే ఉంది. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో అగ్రస్థానాన ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ఈ పెంకులకు కొరత లేదు.

దాటవలసిన గడపలు

అయితే చిక్కులు లేకపోలేదు. పోగుల పైభాగాన ఉన్న మందు తొలి గంటల్లోనే ఎక్కువగా విడుదలైపోతుంది. ఆ తరువాత చాలీచాలని మోతాదు మిగిలితే, సూక్ష్మజీవులు చావక మరింత మొండికెత్తే ప్రమాదముంది. మందును లోపల ఉంచి పైన మరో పాలిమర్ తొడుగు వేసే జంట సూది పద్ధతి దీనికి ఒక విరుగుడు. పోగుల్లో విషతుల్య ద్రావకాల జాడ మిగలకుండా చూడడం మరో సమస్య. పైగా ఒక్క సూదితో గంటకు గ్రాము నూలు రావడమే కష్టం.

కేంద్రం 2007లో వెయ్యి కోట్ల రూపాయలతో నానో మిషన్‌ను చేపట్టింది. నానో ఔషధాల మదింపునకు 2019లో మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఎలక్ట్రో స్పిన్నింగ్ యంత్రాలు కాన్పూర్‌లోనే తయారవుతున్నాయి. ముడిసరుకు, యంత్రాలు, నిబంధనలు అన్నీ దేశంలోనే ఉన్నాయి. ఇక కావలసినది రోగులపై విస్తృత స్థాయి పరీక్షలు, ప్రభుత్వాసుపత్రి భరించగల ధర. ఆ రెండూ సమకూరనంత కాలం ఈ పోగులు పరిశోధన పత్రాలకే అలంకారమవుతాయి తప్ప, పేదవాని పాదాన్ని కాపాడలేవు.