ఆగితే తగ్గే పిక్క నొప్పి

పొద్దున్నే వెస్ట్ మారేడ్‌పల్లిలోని నెహ్రూనగర్ పార్కుకు నడకకు వెళ్లేవాళ్లలో మీరూ ఒకరనుకుందాం. నిరుడు ఆగకుండా నాలుగు చుట్లు తిరిగేవారు. ఇప్పుడు ఒక చుట్టు పూర్తవకముందే పిక్క పట్టేస్తోంది. బెంచీ పక్కన ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు రెండు మూడు నిమిషాలు నిలబడతారు. నొప్పి పోతుంది. మళ్లీ నడిస్తే దాదాపు అంతే దూరంలో మళ్లీ పట్టేస్తుంది. ‘అరవై దాటాయి కదా’ అని సరిపెట్టుకుని చుట్లు తగ్గిస్తారు. కూరగాయలకూ స్కూటరే. నడక తగ్గింది కాబట్టి నొప్పీ తగ్గింది. జబ్బు మాత్రం అక్కడే ఉంది.

ఇది కాలి ధమనుల్లో పూడిక వల్ల కావొచ్చు. గుండె రక్తనాళాల్లో మాదిరిగానే కాళ్లకు రక్తం తీసుకెళ్లే ధమనుల గోడల్లోనూ కొవ్వు, క్యాల్షియం పేరుకుని దారి సన్నబడుతుంది. కూర్చున్నప్పుడు కండరానికి కొద్దిపాటి రక్తం చాలు. నడుస్తున్నప్పుడు ఎన్నో రెట్లు కావాలి. అది అందకపోతే కండరం నొప్పెడుతుంది. నిలబడగానే అవసరం తగ్గి నొప్పి పోతుంది. దీన్నే వైద్యులు క్లాడికేషన్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు కుంటడం అని అర్థం. నొప్పి పూడికకు దిగువన వస్తుంది. తొడలోని ధమని మూసుకుపోతే పిక్కలో, పొత్తికడుపులోని ధమని అయితే పిరుదులు, తొడల్లో.

చాలామంది దీన్ని మోకాళ్ల అరుగుదల అనుకుని నూనెలు రాసుకుంటూ కాలం గడిపేస్తారు. మోకాలి నొప్పి కుర్చీలోంచి లేస్తున్నప్పుడు, మెట్లెక్కుతున్నప్పుడు మొదలవుతుంది. నడుం దగ్గర నరం నొక్కుకుంటే ఉత్తినే నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. రక్తం చాలని కాలికి కూర్చోనవసరం లేదు, ఆగితే చాలు. తేడా ఇంతే అయినా చాలాసార్లు ఇదే దారి చూపిస్తుంది.

నిర్ధారణకు తొలి పరీక్ష చాలా తేలిక. చేతి దగ్గరా, చీలమండ దగ్గరా రక్తపోటు కొలిచి పోల్చి చూస్తారు. చీలమండ దగ్గరి అంకెను చేతి అంకెతో భాగిస్తే వచ్చేది 0.9 కన్నా తక్కువుంటే పూడిక ఉన్నట్టు. సూది గుచ్చరు, కోత ఉండదు. మధుమేహం ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఈ అంకె 1.4 దాటి తప్పుదారి పట్టించవచ్చు. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర కొలుస్తారు, డాప్లర్ స్కాన్ చేస్తారు.

అసలు మధుమేహం ఉన్నవారే మరింత జాగ్రత్తగా ఉండాలి. నరాలు మొద్దుబారితే పిక్క నొప్పి తెలియకపోవచ్చు. చెప్పు కరిచిన చోట పుండు పడి వారాలైనా మానకపోవడమే తొలి గుర్తు కావొచ్చు. రాత్రి పాదం మండుతూ, కాలు మంచం కిందికి వేలాడదీస్తే హాయిగా అనిపించడం, వేలు నల్లబడటం ముదిరిన దశ. ఇక వాయిదా వేయకూడదు. నిమ్స్‌లో ఇలాంటి కేసులు చూసే వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి వస్తే అది గంటల్లో చికిత్స అందాల్సిన అత్యవసర పరిస్థితి.

పుండ్లు, రాత్రి నొప్పి లేని తొలి దశలో మంచి మందు ఏమిటో తెలుసా? మీరు మానేసిన నడకే! కాకపోతే పద్ధతి వేరు. ఓర్చుకోగలిగినంత నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 రోజులు, 12 వారాల పాటు. పూడిక కరగదు గానీ అందిన ఆక్సిజన్‌ను కండరం మెరుగ్గా వాడుకోవడం నేర్చుకుంటుంది, నడవగలిగే దూరం పెరుగుతుంది. గుండె తట్టుకుంటుందో లేదో ముందు డాక్టరుతో చూపించుకోండి. ఎందుకంటే కాలిలో పూడిక ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఎక్కువే. స్టాటిన్, రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు ఇచ్చేది అందుకే. సిగరెట్, బీడీ మానకుండా ఇవన్నీ చేసినా ఫలితం అంతంతమాత్రమే. మందులు, నడకతో కుదరకపోతే బెలూన్, స్టెంట్, బైపాస్ ఉన్నాయి.

డాక్టరు దగ్గర ‘కాళ్ల నొప్పులు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. ఎన్నో బెంచీ దగ్గర పట్టేసిందో, ఎన్ని నిమిషాలు నిలబడితే తగ్గిందో చెప్పండి. సాక్సులు విప్పి పాదాలు చూపించండి.