ఇల్లాలికి నెల తప్పింది – పిల్లిని పంపెయ్యాలా?

రెండు గదుల ఫ్లాటు. భార్యాభర్తలిద్దరే, మంచం మీద దర్జాగా పడుకునే ఓ ముద్దుల పిల్లి. ఇల్లాలికి నెల తప్పగానే "పిల్లిని పంపెయ్యండి" అని అందరూ పోరు పెడతారు. మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితి అయితే తొందరపడకండి.

భయమల్లా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించే. గర్భిణికి ఇది కొత్తగా సోకితే గర్భస్రావం కావచ్చు. బిడ్డ కళ్ళకూ, మెదడుకూ హాని జరగవచ్చు. ఇది పిల్లి మలం ద్వారా వ్యాపిస్తుంది. అయితే మలంతోపాటు బయటపడ్డాక దీనికి సోకే శక్తి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. కాబట్టి పిల్లి మలవిసర్జన చేసే మట్టి ట్రేను ప్రతిరోజూ శుభ్రం చెయ్యాలి. ఆ పని భర్తే చెయ్యాలి. తప్పనిసరై మీరే చేస్తే చేతులకు తొడుగులు వేసుకోండి. తర్వాత సబ్బుతో కడుక్కోండి.

పిల్లికి పచ్చిమాంసం పెట్టకండి. ఎలుకల వేటకు బయటికి వదలకండి.

పిల్లి లేని ఇళ్ళవారూ నిర్లక్ష్యం చెయ్యరాదు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల ద్వారా కూడా ఇది సోకుతుంది. మాంసం బాగా ఉడికించండి. ఆకుకూరలు శుభ్రంగా కడగండి.

ఇంట్లో పిల్లి ఉందని మీ డాక్టరుకు ముందే చెప్పండి. అవసరమైతే రక్తపరీక్ష చేయిస్తారు.