సంకల్పంతో నిలిచిన ఊళ్లు: ఒయోతుంజి, కూచిపూడి - వారసత్వానికి అర్హులెవరు?

వ్యాససంగ్రహం:
అమెరికాలోని దక్షిణ కరొలినా రాష్ట్రంలో 1970లో ఏర్పడిన ఒయోతుంజి, యోరుబా సంస్కృతిని నిలుపుకోవడం కోసమే వెలసిన గ్రామం. ఒక కళారూపాన్ని ఊరి బాధ్యతగా స్వీకరించిన ఉదాహరణ మనకు కూచిపూడిలో కనిపిస్తుంది. వారసత్వంలోకి ఎవరిని రానివ్వాలన్న ప్రశ్నకు ఈ రెండు ఊళ్లు చెప్పుకున్న జవాబులను, వాటి పర్యవసానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ ప్రశ్నకు ప్రేరణ సిద్దిపేట ప్రాంతపు ఒగ్గు సంప్రదాయం.

కీలకపదాలు: ఒయోతుంజి, యోరుబా, కూచిపూడి, భామాకలాపం, కలావంతులు, ఒగ్గుకథ, వారసత్వం.

1. ప్రశ్న పుట్టిన చోటు

రాజీవ్ రహదారి మీద ఉన్న కుకునూరుపల్లి నిన్నమొన్నటి వరకు కొండపాక మండలంలోని గ్రామం. ఇప్పుడు తానే మండలకేంద్రం. సంక్రాంతి దాటిన తరువాత ఆదివారాలు వస్తే ఈ దారి కొమురవెల్లి మల్లన్న భక్తులతో నిండిపోతుంది. నొసట బండారి, చేతిలో బోనం, వెంట డోలు చప్పుడు. క్షేత్రంలో ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నం వేసి, ఒగ్గు అనే చిన్న డమరుకాన్ని మోగిస్తూ మల్లన్న కథను, మేడలమ్మ, కేతమ్మలతో ఆయన పెండ్లి ముచ్చటను చెబుతారు. ఈ విద్య ప్రధానంగా కురుమ, యాదవ కుటుంబాలలో తండ్రి నుంచి కొడుకుకు అందుతూ వస్తున్నది.

జానపద సాహిత్యం పాఠం చెబుతున్న రోజున ఒగ్గు కుటుంబానికి చెందిన ఒక విద్యార్థి లేచి, "సార్, మా కులపోళ్లు కానోళ్లు ఒగ్గు నేర్చుకొని చెప్తే మల్లన్నకు ఎక్కుతదా?" అని అడిగాడు. అది పరీక్షకు పనికివచ్చే ప్రశ్న కాదు. కళ వేరు, కొలుపు వేరు అని నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఒగ్గుకథలో ఆ రెండూ వేరు కావు. ఇదే ప్రశ్నను మరింత తీవ్రంగా ఎదుర్కొన్న సముదాయాలు ఏవి అని వెతుకుతున్నప్పుడు ఒయోతుంజి తారసపడింది.

2. ఒయోతుంజి: ఎంచుకున్న పూర్వీకులు

నేటి నైరుతి నైజీరియాలో ఒయో ఒకప్పుడు బలమైన యోరుబా రాజ్యం. 19వ శతాబ్దపు తొలి దశకాలలో ఆ రాజ్యం అంతర్యుద్ధాలతో కూలిపోయింది. యుద్ధాలలో చిక్కినవారు వేల సంఖ్యలో బానిసలుగా క్యూబాకు, బ్రెజిల్‌కు చేరారు. క్యూబాలో వారు తమ దేవతలైన ఒరిషాలను కాథలిక్ పునీతుల రూపాల వెనుక దాచుకొని కొలిచారు. షాంగోకు సెయింట్ బార్బరా ముసుగు అయింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పరిస్థితి వేరు. అక్కడి నల్లజాతీయులలో అత్యధికులకు తమ పూర్వీకులది ఏ తెగో, ఏ భాషో తెలిసే అవకాశమే మిగలలేదు. ఇంటిపేర్లు కూడా యజమానులవే.

ఈ శూన్యం నుంచి వచ్చినవాడు వాల్టర్ యూజీన్ కింగ్. 1928లో డెట్రాయిట్‌లో పుట్టాడు. 1959లో క్యూబాలోని మటాంజాస్‌లో ఒబాతాలా దేవతకు పూజారిగా దీక్ష పొందాడు. మరుసటి సంవత్సరం న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో యోరుబా ఆలయాన్ని నెలకొల్పాడు. క్యూబన్ పెద్దలతో ఆయనకు త్వరలోనే పొసగలేదు. పునీతుల బొమ్మలు తెల్లవారి బలవంతపు ముద్రలని, వాటిని తీసివేయాలని ఆయన పట్టుబట్టాడు. రహస్యంగా కొలిచే దేవతలను వీధిలో డప్పులతో ఊరేగించడం వారికి నచ్చలేదు. ఇక్కడ ఒక వైచిత్రి ఉంది. బానిసత్వంలో ఆ దేవతలను బతికించింది ఆ ముసుగే. తరువాతి తరం వారసుడికి ఆ ముసుగే కల్తీగా కనిపించింది.

1970లో ఆయన అనుచరులతో దక్షిణానికి తరలి, బ్యూఫోర్ట్ కౌంటీలోని షెల్డన్ సమీపంలో గ్రామాన్ని స్థాపించాడు. ఒయోతుంజి అంటే 'ఒయో తిరిగి లేచింది' అని అర్థం. డప్పుల మోత, సందర్శకుల రాకపోకల విషయంలో ఇరుగుపొరుగుతో తగాదాలు వచ్చి, మొదట నిలిచిన చోటు నుంచి కదిలి ప్రస్తుత స్థలంలో కుదురుకున్నారు. సుమారు 27 ఎకరాల నేలలో ఒక్కొక్క ఒరిషాకు ఒక్కొక్క గుడి, రాజప్రాసాదం, సంత, పితృదేవతల స్థానం ఏర్పడ్డాయి. తాము అమెరికాను దాటి యోరుబా రాజ్యంలోకి అడుగుపెడుతున్నామని వచ్చేవారికి ప్రవేశద్వారం దగ్గరి పలక తెలియజేస్తుంది. కింగ్ ఇప్పుడు ఒబా అదెఫున్మి. ఒబా అంటే రాజు. 1972లో ఆయన నైజీరియా వెళ్లి అబెఒకూటాలో ఇఫా దీక్ష తీసుకున్నాడు. 1981లో ఇఫే నగరపు సంప్రదాయ పాలకుడైన ఊని ఆయన పదవికి ఆమోదముద్ర వేశాడు. సొంతంగా ప్రకటించుకున్న రాజరికానికి మూలభూమి నుంచి గుర్తింపు రావడానికి 11 ఏళ్లు పట్టిందన్నమాట.

ఇక అసలు ప్రశ్న: ఈ ఊళ్లోకి రావడానికి అర్హత ఏమిటి? పుట్టుక ఆధారం కాలేదు, ఎందుకంటే ఎవరి పుట్టుక ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అందుకు ఒయోతుంజి కనుక్కొన్న ఉపాయం మూలాల సోది. పూజారి గవ్వలు వేసి, అడగవచ్చిన వ్యక్తి పూర్వీకులు ఏ వంశం వారో, ఏ వృత్తి వారో చెబుతాడు. పత్రాలు లేని చోట దైవం సాక్ష్యమిస్తుంది. మానవశాస్త్రవేత్త కమారి మాక్సిన్ క్లార్క్ 2004లో వెలువరించిన తన గ్రంథంలో ఈ తంతును వివరంగా చర్చించింది. రక్తసంబంధాన్ని ఆచారం ద్వారా పునర్నిర్మించుకోవడం దీనిలోని కీలకం. దీనిని కల్పన అని కొట్టిపారేయడం సులభమే. అయితే గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పే ఆచారం మన పురోహితులకూ ఉందని మరువరాదు.

1970ల దశకంలో ఊరి జనాభా 200 దాటింది. తరువాత క్రమంగా తగ్గి కొద్ది కుటుంబాలకు పరిమితమైంది. సాగు, చేతిపనులు ఊరిని పోషించలేకపోయాయి. సందర్శకుల రుసుము, సోది, దీక్షలు ఆదాయమార్గాలయ్యాయి. పిల్లలు పెద్దవారై పట్టణాలకు వెళ్లారు. 2005లో అదెఫున్మి మరణించగా కుమారుడు వారసుడయ్యాడు. జనాభా లెక్కను మాత్రమే చూస్తే ఇది ఓటమి. కాని అక్కడ దీక్ష పొందినవారు తాము వెళ్లిన నగరాలలో గుడులు పెట్టుకున్నారు, శిష్యులను చేసుకున్నారు. ఊరు చిక్కిపోయినా అది పుట్టించిన విద్య వ్యాపించింది.

3. కూచిపూడి: ఇంటిపేరే గడప

ఊరు చిన్నదై విద్య పెద్దదైన ఈ తీరు తెలుగు పాఠకుడికి కొత్త కాదు. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి మనకు దగ్గరి ఉదాహరణ. సిద్ధేంద్రయోగి భామాకలాపం రచించి, ఊరి బ్రాహ్మణ కుటుంబాలలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ప్రదర్శనకు మెచ్చి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడన్నది మరొక ఐతిహ్యం. సిద్ధేంద్రుని కాలం గురించి, చారిత్రకత గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఐతిహ్యాన్ని పక్కన పెడితే, 1763 నాటి పంపక పత్రం ఒక దృఢమైన ఆధారం. భూమిలో హక్కు గల భాగవతుల ఇంటిపేర్లు అందులో నమోదయ్యాయి. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లు నేటికీ కూచిపూడికి గుర్తులు.

కథలో ప్రతిజ్ఞ, పత్రంలో భూమి. ఈ రెండూ కలిసి కూచిపూడిని ఒక సంకల్ప సముదాయంగా నిలిపాయి. ఒయోతుంజిలో గవ్వలు చేసిన పని ఇక్కడ ఇంటిపేరు చేసింది. ఎవరు లోపలివారో అది చెప్పింది. అంతకంటె ముఖ్యంగా, ఎవరు వెలుపలివారో కూడా చెప్పింది.

సత్యభామ వేషం కట్టేది పురుషుడు. స్త్రీకి గజ్జె లేదు. అదే కాలంలో గోదావరి ప్రాంతపు కలావంతుల స్త్రీలు భామాకలాపాన్ని తమ పద్ధతిలో ఆడుతూనే ఉన్నారు. దేవదాసీ వ్యవస్థపై ఉద్యమం, 1947 నాటి మద్రాసు చట్టం వారి నాట్యానికి వేదిక లేకుండా చేశాయి. అదే నాయిక, అదే విరహం. ఒక చోట శాస్త్రీయ వారసత్వమైంది, మరొక చోట నేరమైంది. కలావంతుల భామాకలాపంపై దవేశ్ సోనేజీ చేసిన పరిశోధన, కూచిపూడి పురుషుల స్త్రీవేషధారణపై హర్షిత మృత్తింటి కామత్ 2019లో ప్రచురించిన గ్రంథం ఈ అసమానతను స్పష్టంగా ముందుకు తెచ్చాయి. కూచిపూడి చరిత్రను ఊరి సరిహద్దులోనే రాసే మన పాఠ్యగ్రంథాలు ఇప్పటికీ కలావంతులకు ఒక పేరా మించి కేటాయించడం లేదు. ఇది సరిదిద్దుకోవలసిన విషయం.

గడప దాటించినవారు లోపలివారే. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నాట్యం నేర్పాడు. వెంపటి చినసత్యం మద్రాసు చేరి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, ఏ ఇంటిపేరు వారికైనా, ముఖ్యంగా ఆడపిల్లలకు తలుపు తెరిచాడు. నేడు కూచిపూడి నర్తకులలో అత్యధికులు స్త్రీలే. వారిలో ఆ ఊరిని ఒక్కసారీ చూడనివారు కూడా ఉంటారు. మరోవైపు, వేదాంతం సత్యనారాయణశర్మ వంటి మహానటుడు శిఖరానికి చేర్చిన స్త్రీవేషం క్రమంగా అరుదైపోయింది. తలుపు తెరిస్తే ఏదీ పోదని వాదించడం నిజాయితీ కాదు. పోయింది. కాని మూసి ఉంచితే మిగిలేది ఎంతో కూడా అంచనా వేసుకోవాలి.

4. పోలిక ఎంతవరకు?

ఈ రెండు ఊళ్లను సమానంగా తూచడం కుదరదు. ఒయోతుంజి సర్వం లాగివేయబడిన వారి నిర్మాణం. కూచిపూడి భూమి, కులగౌరవం, రాజాశ్రయం ఉన్నవారి నిర్మాణం. మొదటిది లేని గడపను కట్టుకుంది, రెండవది ఉన్న గడపను కాపాడుకుంది. అయినా రెండింటిలోనూ విద్యను దూరం తీసుకెళ్లింది ఊరు విడిచినవారే.

ఒగ్గు ఈ రెండింటికీ భిన్నం. దానికి ఒక ఊరు లేదు, దానపత్రం లేదు. ఉన్నది కొమురవెల్లి, ఐనవోలు వంటి క్షేత్రాలూ, వాటి చుట్టూ తిరిగే కుటుంబాలూ. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కథను దేశమంతటి వేదికల మీదికి తీసుకెళ్లి, 2004లో సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నాడు. వేదిక మీద ఒగ్గుకథ అందరిదీ అయింది. పట్నం దగ్గర ఇంకా కాలేదు. కురుమ, యాదవ కుటుంబాలకు ఈ హక్కు అగ్రహారం వంటిది కాదని కూడా గుర్తుంచుకోవాలి. దేవుడి ముందు వారికి మిగిలిన గౌరవస్థానాలలో ఇది ఒకటి. కూచిపూడి విషయంలో తలుపు తెరవమని అన్నంత ధీమాగా ఇక్కడ అనలేను.

ఆ విద్యార్థి ఈ ఏడు తండ్రి వెంట పట్నాలకు వెళ్లాడు. డోలు బాగా వాయించే ఇతర కులపు సహాధ్యాయిని కూడా తీసుకువెళ్లాడు. తిరిగి వచ్చాక ఏం జరిగిందని అడిగాను. మిత్రుడికి డోలు ఇచ్చారట, పట్నం పక్కన కూర్చోబెట్టారట. ఒగ్గు మాత్రం చేతికి ఇవ్వలేదట.